గిట్లనే సీదా పో: పంచరు సంజీవనీ వ్యాఖ్య

అవతారిక

చుట్టాల కొట్టంలో గడ్డి చాటున నిలబడి ఉన్న పాత అట్లాస్ సైకిల్‌ను బయటికి గుంజి, దులిపి, రెండు చక్రాలకూ గాలి కొట్టించి, బమ్మెర దాకా తీరుబడిగా తొక్కుకుంటూ పోయిరావాలని ఒక మాఘమాసపు పొద్దున బయలుదేరాను. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి దక్షిణంగా పోతే పాలకుర్తి, దానికి దగ్గర్లోనే బమ్మెర. తారురోడ్డు ఉంది, బస్సు ఉంది. నాకు కావలసింది పొలాల నడుమ నుంచి పోయే బాట. చాయ్ హోటల్ ముందు బల్ల మీద కూర్చున్న ఒక పెద్దమనిషిని అడిగాను. సాసర్‌లో పోసుకున్న చాయ్ ఒక గుక్క తాగి, ఎడమ చేయి ఎత్తి, ఆయన కింది వాక్యాలు సెలవిచ్చాడు. సాసర్ మాత్రం కింద పెట్టలేదు.

మూలం

“గిట్లనే సీదా పో బిడ్డా. చెర్వు కట్ట వస్తది. కట్ట దిగు. తాళ్లు వస్తయి. ఆడ ఎవలనన్న అడుగు. దగ్గర్నే.”

ఆరు వాక్యాలు. ఇందులో దూరం లేదు, దిక్కు లేదు, ఊరి పేరు లేదు. అయినా వినగానే అంతా తెలిసినట్టే ఉంటుంది. ఇటువంటి గ్రంథాలకే వ్యాఖ్యానం అవసరం. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మనవాడే, మెదక్ సీమలోని కొలిచాల వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ముందే ప్రకటించుకున్నాడు. నాకు ఆ రెండు నియమాలూ లేవు. ఆయన వ్యాఖ్య పేరు సంజీవని. నా దాని పేరు పంచరు సంజీవని. గాలి పోయినదానికి ప్రాణం పోయడమే దీని ప్రయోజనం.

ప్రతిపదార్థం

గిట్లనే = ఈ విధముగానే, అనగా సైకిలు ముందుచక్రము ఎటు మొగము పెట్టి యున్నదో అటే; సీదా = వంకర లేకుండ; పో = వెళ్లుము; బిడ్డా = ఓ కుమారుడా; చెర్వు = స్పష్టము; కట్ట = నీటిని నిలుపు మట్టిగట్టు; వస్తది = ఎదురగును; దిగు = అవరోహింపుము; తాళ్లు = తాళవృక్షములు; వస్తయి = పూర్వోక్తమే; ఆడ = అచ్చోట; ఎవలనన్న = ఎవ్వరినైనను; అడుగు = ప్రశ్నింపుము; దగ్గర్నే = ఇది ముందు విచారింపబడును.

విశేషార్థాలు

‘సీదా’. ఈ మాట దగ్గరే వ్యాఖ్యాత సైకిల్ స్టాండ్ వేయాలి. ఈ ప్రాంతంలో సీదాగా పోయేది రైలుపట్టా ఒక్కటే. నిజాం కాలంలో సికింద్రాబాద్ నుంచి 1886లో ఓరుగల్లు దాకా, 1889లో బెజవాడ దాకా సాగిన ఆ పట్టాయే ఈ ఊరికి పేరు కూడా ఇచ్చింది. ఘన్‌పూర్‌లు చాలా ఉన్నాయి. కోటగుళ్లు ఉన్న ఘన్‌పూర్ ఇప్పుడు భూపాలపల్లి జిల్లాలోకి పోయింది. అది వేరు, ఇది వేరు అని తెలియడానికి ఈ ఊరు ముందు ‘స్టేషన్’ తగిలించుకుంది. మనలో ఇంటిపేరు ముందు వస్తుంది కాబట్టి ఈ ఊరి ఇంటిపేరు స్టేషన్ అని గ్రహించాలి. కొందరు ‘ఆర్.ఎస్. ఘనపురం’ అని రాస్తారు. ఇంటిపేరును పొడి అక్షరాల్లోకి కుదించే అలవాటు కొత్తదేం కాదు. రైలుపట్టాను విడిచిన తర్వాత ప్రతి బాటా ఒక గెట్టును గౌరవించి వంగుతుంది, ఒక వేపచెట్టును తప్పుకుంటుంది, ఎవరి పొలమో అడ్డం వస్తే చుట్టూ తిరుగుతుంది. కాబట్టి సీదా అంటే దారి వంకర పోయినా దారిని విడవవద్దు అని లాక్షణికార్థం.

‘బిడ్డా’. వ్యాఖ్యాతకు యాభై దాటాయి. తల నెరిసింది. పెద్దమనిషికి మహా అయితే అరవై అయిదు. పదిహేనేళ్ల తేడాతో తండ్రీ కొడుకుల వరస ఎట్లా కుదురుతుంది? కుదురుతుంది. ఆ వరసను వయస్సు కాదు, వాహనం నిర్ణయిస్తుంది. ఇదే మాట కారు అద్దం దించి అడిగి ఉంటే ‘సార్’ అనేవాడు, మోటారు సైకిల్ ఆపి అడిగితే ఏమీ అనకుండా చెయ్యి మాత్రం చూపేవాడు. సైకిల్ మీద ఒక కాలు నేలకు ఆనించి, ఇంకో కాలు పెడలు మీద పెట్టి అడిగినవాడు ఎన్నేళ్లవాడైనా బిడ్డే. కైంచి తొక్కుడుతో మొదలుపెట్టి, సీటు అందక రాడ్డు కింద నుంచి కాలు పోనిచ్చిన రోజులు చూసేవాడికి గుర్తుకు వస్తాయి. ఫోన్‌లో మ్యాప్ ఉండగా ఈ పెద్దమనిషిని అడగడం ఎందుకని పూర్వపక్షం. మ్యాప్ ‘బిడ్డా’ అనదు కనుక అని సిద్ధాంతం.

‘వస్తది’. కర్త ఎవరు? పోయేవాడు నేను, వచ్చేది కట్ట. నేను కదలకుండా ఉన్నట్టు, కట్టే లేచి నడిచివస్తున్నట్టు వాక్యం. పడవలో పోయేవాడికి ఒడ్డున కదలని వస్తువులు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయని ఆర్యభటుడు 499లోనే పోలిక చెప్పాడు. పెద్దమనిషి దాన్ని తిప్పివేశాడు. ముందుకు చూస్తూ పోయేవాడికి లోకం ఎదురు వస్తుంది. అయితే ఎంత వేగంతో వస్తుందన్నదే అసలు సంగతి. సైకిల్ మీద పోయేవాడికి కట్ట ఒక్కసారిగా రాదు. ముందు గాలి చల్లబడుతుంది. తర్వాత తడిమట్టి వాసన. ఆ తర్వాత కొంగలు, వాటి వెనుక తుమ్మచెట్ల కొనలు, ఆఖరుకు కట్ట. ఇంతసేపు రావడాన్నే ‘వస్తది’ అన్నారు. కారులో పోయేవాడికి ఈ క్రియకు వర్తమానం లేదు. వచ్చె, పాయె. ఈ గ్రంథం గంటకు పది పన్నెండు కిలోమీటర్ల వేగంతో పోయేవాడి కోసమే రచించబడిందని నా నిశ్చయం. అంతకన్నా వేగంగా పోతే అర్థం జారిపోతుంది, నడిచి పోతే అర్థం ముందే అయిపోయి విసుగు పుడుతుంది.

‘కట్ట’. ఐరోపాలో తీరుబడిగా సైకిల్ తొక్కేవాళ్లు నది ఒడ్డు వెదుక్కుంటారు. పస్సావు నుంచి వియన్నా దాకా డాన్యూబ్ వెంబడి మూడు వందల కిలోమీటర్లకు పైగా సైకిల్ బాట ఉంది. మనకు ఇక్కడ అంతటి నది లేదు. అయితే ఏం? ఏటూరునాగారం వైపు గంగారం దగ్గర గోదావరిని ఎత్తి, దేవాదుల పథకం పైపుల్లోంచి తెచ్చి ఘన్‌పూర్ రిజర్వాయర్‌లో పోశారు. అక్కడ నది వెంట సైకిల్ పోతుంది, ఇక్కడ సైకిల్ ఉన్నచోటికి నదే వచ్చింది. దానికి ఎంతో ముందు నుంచే మన నదీతీరాలు చెరువు కట్టలు. కాకతీయుల కాలం నుంచి ఈ నేల మీద చెరువులూ కుంటలూ గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ లెక్కలోనే తెలంగాణ మొత్తం మీద ఇవి 46 వేలు దాటాయి. గొలుసు ఒకచోట తెగితే కింద ఉన్నవన్నీ ఎండుతాయి. సైకిల్ చైను విషయంలోనూ ఇంతే. ఈ సామ్యం ఎక్కడ తెలిసిందంటే, కట్ట ఎక్కే ఎత్తులో నా చైను ఊడినప్పుడు. నల్లటి చేతులను తూము నీళ్లలో కడుక్కుంటే చేతులు తెల్లబడలేదు గానీ నీళ్లు మాత్రం నల్లబడ్డాయి.

‘దిగు’. కట్ట మీది నుంచి దిగమనా, సైకిల్ దిగమనా? రెండూ. పాత అట్లాస్‌కు వెనుక బ్రేకు పేరుకు మాత్రమే ఉంటుంది కనుక రెండో అర్థాన్ని ముందుగా పాటించినవాడే మొదటి అర్థాన్ని క్షేమంగా సాధిస్తాడు. కానీ ఈ దారుల్లో ఈ మాటకు ఇంకొక అర్థం ఉండేది. విసునూరు దేశముఖు గడి ఈ వైపుదే. గడి ముందు నుంచి పోయేవాడు చెప్పులు విడిచి చేతబట్టుకోవలసిన రోజులవి. దిగడం ఒక ఆజ్ఞ. కడివెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు పడిపోయింది ఆ ఆజ్ఞకు ఎదురు తిరిగిన ఊరేగింపులోనే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట చేను విడిచిపెట్టనన్నదీ ఆ దొరకు ఎదురుగానే. ఇప్పుడు కట్ట వాలు కోసం తప్ప ఎవరి కోసమూ సైకిల్ దిగనవసరం లేదు. చెప్పులతోనే తొక్కుతున్నాను. దీనికి వ్యాఖ్య ఇంతకన్నా పెంచను.

‘తాళ్లు’. శ్లేష. తాడుకూ తాటిచెట్టుకూ బహువచనం ఒకటే. కల్లు గీసే గౌడు మోకు తాడుతో తాళ్లెక్కుతాడు కనుక ఇక్కడ రెండర్థాలూ ఒకే చెట్టుకు కట్టబడ్డాయి. మాఘంలో తాటి కల్లు దొరుకుతుంది. పెద్దమనిషి తాళ్లనే గుర్తుగా ఎంచుకోవడంలో ఏదో ధ్వని ఉందని నాకు అనుమానం. క్యారియర్‌కు రెండు వైపులా కుండలు కట్టుకొని, మట్టిబాట మీద ఒక్క చుక్క తొణక్కుండా పోయే గౌడును చూస్తే, సైకిల్ తొక్కడం నేర్చుకున్నానని నేను చెప్పుకోవడం మానుకోవాలనిపించింది.

‘అడుగు’. ప్రశ్నించు, పాదం, కింది భాగం. మూడర్థాలూ ఇక్కడ సరిపోతాయి. కింద అడుగు మోపితేనే అడగగలం. సైకిల్ ఆగిందంటే ఒక పాదం నేలను తాకాల్సిందే, అది తాకగానే అవతలివాడు మాట్లాడడానికి సిద్ధమవుతాడు. ఈ యంత్రం ఆగినప్పుడు తనంతట తాను నిలబడలేకపోవడం లోపమని మొదట్లో అనుకున్నాను.

ఛందస్సు. మూలం వచనమే అయినా వ్యాఖ్యాత ద్విపద అంటాడు. ఎందుకంటే పాలకుర్తి దారి ఇది. పాల్కురికి సోమనాథుడు పండితులు తక్కువగా చూసిన ద్విపదలో, జనం పాడుకునే నడకలో బసవపురాణం రాశాడు. సంస్కృతంలో భాష్యమూ రాశాడు కనుక నా వృత్తిలో పెద్దవాడు. రెండు పాదాలతో నడిచేది ద్విపద. రెండు పెడళ్లతో నడిచేదాన్ని వేరే ఏమంటాం? ఒక పాదం పైకి లేస్తే ఇంకో పాదం కిందికి, యతి తప్పితే మోకాలు చెప్తుంది. పండితులు దీన్నీ తక్కువగానే చూశారు. అట్లాస్ సైకిల్ 1951లో సోనీపత్‌లో పుట్టింది. దాని సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు. పంచాంగం కూడా ఒక్కొక్కసారి వెటకారం చేస్తుంది.

‘దగ్గర్నే’. దీన్ని దూరమనే అర్థంలో తీసుకున్నవాడు మోసపోతాడు. తాళ్ల దగ్గర మేకలు కాసే పిల్లవాణ్ని అడిగితే దగ్గర్నే అన్నాడు. గంట తొక్కిన తర్వాత గడ్డిమోపు మోసుకొస్తున్న ఒకామె దగ్గర్నే అంది. పాలకుర్తి సోమేశ్వరుని గుట్ట కనిపించే చోట కూడా అదే జవాబు. ఇది కొలత కాదు, ఆశీర్వాదం. ఆమడ, కోసు, కిలోమీటరు అన్నీ పోయేవాణ్ని భయపెట్టడానికి పుట్టినవి.

తాత్పర్యం

ఓ సైకిల్ వాడా, దారిని విడువకు, నీటి దగ్గరికి పో, నెమ్మదిగా దిగు, చెట్లను గుర్తుపట్టు, మనుషులతో మాట్లాడు, భయపడకు అని భావం.

ఉత్తరకథ

ఇంత విచారించినా ఒక సందేహం మిగిలింది. ఊరు దాటగానే ఒకటి, ఇంకా కొంత దూరంలో ఒకటి, రెండు కట్టలు వచ్చాయి. ఏది దిగాలి? మొదటిదాన్ని దాటిపోవడానికి కారణం కనిపించనప్పుడు మొదటిదాన్నే గ్రహించాలని మీమాంసకుల న్యాయం ఉంది. ఆ న్యాయాన్ని శిరసావహించి మొదటి కట్టే దిగాను. బాట యాసంగి నాట్లు వేసిన మడిలోకి పోయి అక్కడే ముగిసింది. ముందు ముందుచక్రం, తర్వాత వెనుకచక్రం, ఆ తర్వాత వ్యాఖ్యాత, ఈ వరసలో బురదలో దిగబడ్డాం. సైకిల్‌ను భుజాన వేసుకొని గెట్టు వెంట వెనక్కి వచ్చేసరికి నాటు వేస్తున్న ఆడవాళ్లు నడుములు ఎత్తి ఒకసారి చూసి, నవ్వి, మళ్లీ వంగారు.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పటికి పెద్దమనిషి అదే బల్ల మీద ఉన్నాడు. సాసర్ కూడా ఉంది. బురద ఎండిన నా మోకాళ్లు చూసి, “దొరికిందా బిడ్డా ఊరు?” అన్నాడు.

“దొరికింది గానీ పెద్దయ్యా, మీరు చెప్పినట్టే కట్ట దిగితే మడిలో పడ్డాను.”

“ఏ కట్ట దిగినవ్?”

“మొదట వచ్చిన కట్ట.”

“అది కుంట గదా. నేను చెర్వు కట్ట అని చెప్తి.”

ఇంటికి పోయి ప్రతిపదార్థం తిరగేసి చూసుకున్నాను. చెర్వు = స్పష్టము.