లైను వ్యాఖ్య: టీకా తాత్పర్య సహితం

మూలం:
“లైను ఆపేశారు. లైన్‌మన్‌కు చేస్తే లైను కలవట్లా. ఏ లైన్లో తిరుగుతున్నాడో!”
(జూలూరుపాడు సెంటర్, టీకొట్టు బల్ల మీద, ఉక్కపోత వేళ ఉచ్చరితం)

ప్రతిపదార్థం: లైను = కరెంటును; ఆపేశారు = నిలిపివేసిరి (ఈ బహువచనానికి కర్త ఎన్నడూ కనపడడు); లైన్‌మన్‌కు = స్తంభారోహకునికి; చేస్తే = ఫోను చేసినచో; లైను = ఆ ఫోను; కలవట్లా = కలియుట లేదు; ఏ లైన్లో = ఏన్కూరు దారిలోనో, కొత్తగూడెం దారిలోనో; తిరుగుతున్నాడో = ఇక్కడి ఓకారం సందేహార్థకం, విసుగు ధ్వని.

తాత్పర్యం: ఫ్యాను తిరగడం లేదు.

విశేషాలు: ఒకే మాట మూడు చోట్ల మూడర్థాల్లో పడితే పునరుక్తి దోషం కాదా అంటే, కాదు, యమకం. కుర్రకారు బస్టాపులో వేసే లైను నాలుగోది. పెద్దలున్న చోట దాన్ని వ్యాఖ్యానించరాదు.

వ్యుత్పత్తి: లాటిన్‌లో లినుం అంటే అవిసె. ఆ నారతో పేనిన దారం లినియా. అదే ఇంగ్లీషులో లైనైంది. పెళ్లిళ్లకు తొడిగే లినెన్ చొక్కా దీనికి దాయాది. మన సూత్రమూ మొదట దారమే గనక పాణిని రాసినవన్నీ లైన్లే అనవచ్చు, పండితులు దగ్గర లేనప్పుడు. పత్తి పండే ఊరికి దారం మాట బయటనుంచి రావడమే విడ్డూరం. వచ్చింది ఊరకుందా? తీగను, వరుసను, బారును, గీతను, దారిని మింగింది. పత్తి చేలో మాత్రం దాని పప్పులుడకలేదు. తొలకరికి నిలువూ అడ్డమూ అచ్చు తోలి, గీతలు కలిసిన చోటల్లా ఒడిలోంచి గింజ తీసి పెట్టే ఆడమనిషిని ఎన్ని లైన్లయ్యాయని అడగండి. “ఆరు సాళ్లయినయి” అంటుంది, తలెత్తకుండా.

శ్లేష పనికిరాని చోటు ఒకటుంది. స్తంభమెక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకోవాలి. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. ఆ లైన్లో కరెంటు ఆపామన్న మాట అందందే తీగ ముట్టరాదు. అక్కడ ‘ఏ లైను?’ అన్న ప్రశ్నకు రెండర్థాలుంటే మనిషి పోతాడు. అందుకే ఈ వ్యాఖ్యాత విసుగును కాస్త తగ్గించుకున్నాడు.

పాఠాంతరం: ‘లైను తీసేశారు’ అని కొందరు. ఫ్యానుకు భేదం లేదు.

మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయనకు టీకొట్టులో కూర్చునే పని పడలేదు.

ఇది 2016 దాకా ఖమ్మం జిల్లా, పిమ్మట భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయిన జూలూరుపాడు మండలమందు విసనకర్ర చేతబట్టి రాసిన లైను వ్యాఖ్య. సంపూర్ణం. లైను ఇంకా ఇవ్వలేదు.