కొరత లేదు, ఇండెంటే లేదు

మన్యంలో డిప్రెషన్ మాత్రలకు కొరత ఉందని ఎవరైనా అంటే నమ్మకండి. కొరత రావాలంటే ముందు స్టాకు ఉండాలి. స్టాకు రావాలంటే ఇండెంటు పెట్టాలి. ఇండెంటు పెట్టాలంటే రోగి ఉండాలి. రోగి ఉన్నాడనాలంటే ఫలానా జబ్బని ఒక డాక్టరు చీటీ మీద రాయాలి. రాసే డాక్టరేమో పల్లంలో ఉంటాడు. కాబట్టి రోగి లేడు, ఇండెంటు లేదు, కొరత సున్నా. ఇంత చక్కని లెక్క చేతిలో పెట్టుకుని కూడా రాజవొమ్మంగి పొలిమేరలో ‘దిగులు లేని మండలం’ అని బోర్డు పెట్టించకపోవడం అధికారుల వినయం తప్ప మరేమీ కాదు.

ఈ లెక్కకు పల్లంవాళ్ల సిద్ధాంతం ఒకటి తోడైంది. ‘కొండజాతి వాళ్లకి డిప్రెషనేమిటండీ! పచ్చని అడవి, చల్లని గాలి, ధింసా ఆట. అదంతా మా సిటీ రోగం’ అంటారు. అనేవాళ్లెవరు? శని, ఆదివారాలకు మారేడుమిల్లికో అరకుకో కారేసుకొచ్చే పెద్దమనుషులు. వాళ్ల బ్యాగు తెరిస్తే సెల్ఫోను చార్జరు పక్కనే ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్రల అట్ట కనిపిస్తుంది. గాలే మందయితే ఆ అట్ట ఎందుకు మోసుకొచ్చినట్టు? పొరపాటున ఇంట్లో మర్చిపోయి వచ్చారా, సెంటర్లో ఉన్న మెడికల్ షాపులన్నీ తిరిగి అప్పుడు తెలుసుకుంటారు మన్యమంటే ఏమిటో. ‘అది లేదండి, ఇది వేస్కోండి, అలాంటిదే’ అని షాపాయన నిద్రమాత్ర చేతిలో పెడతాడు. ఆ అల్ప్రాజోలామ్‌తో నిద్ర వస్తుంది, దిగులు అక్కడే ఉంటుంది, పైగా మాత్ర అలవాటవుతుంది.

ఊళ్లోవాళ్ల దిగుళ్లకు కారణాలు వెతకనక్కర్లేదు. పోడు భూమికి పట్టా రాలేదు. పోలవరం ముంపులో చుట్టాల ఊరు పోయింది. తమ్ముడు గంజాయి మూటతో దొరికి విశాఖ జైల్లో ఉన్నాడు. మూట తాలూకు అసలు మనిషి మాత్రం ఎక్కడా దొరకలేదు. అయినా ఆసుపత్రికెళ్లి ‘నాకు డిప్రెషన్’ అని ఎవరూ అనరు. ‘నీరసం’ అంటారు, ‘గుండె దడ’ అంటారు, ‘తెల్లారగట్ల మెలకువొచ్చేస్తోంది’ అంటారు. నీరసమన్నాక ఏముంది, బీకాంప్లెక్సు మాత్రలు, మరీ బతిమాలితే ఓ సెలైను సీసా. రిజిస్టర్లో నీరసం కేసు ఒకటి పెరుగుతుంది. దిగులు కేసులు సున్నా దగ్గరే నిలిచి ఉంటాయి, ఎంత ఆరోగ్యం!

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసి, డిప్రెషన్ ఉన్నవాళ్లలో 85 శాతానికి చికిత్స అందడం లేదని తేల్చింది. సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లో. తెలుగు రాష్ట్రాలు రెండూ అందులో లేవు. లెక్కే లేనిచోట లోటు చూపించగల మొనగాడెవడు?

చట్టం దగ్గరకొస్తే ఇంకా ముచ్చటగా ఉంటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం అత్యావశ్యక మందుల జాబితా ప్రకటించాలి. ఆ మందులు అన్ని వేళలా, ఉచితంగా, సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకుని పై ఆసుపత్రులన్నిటా ఉండాలి. అంటే చట్టం కొండ ఎక్కుతూ ఎక్కుతూ సామాజిక ఆరోగ్య కేంద్రం అరుగు మీద కూలబడింది. దాని కిందుండే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఇంకా కిందుండే ఉపకేంద్రం దానికి కనబడలేదు. డోలీలో రోగిని మోసుకొచ్చేవాళ్లకు మొదట తగిలే గుమ్మాలు సరిగ్గా అవే.

పోనీ ఇవేమైనా సీమ నుంచి ఓడలో రావలసిన మందులా? ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందు 40 మిల్లీగ్రాముల జనరిక్ క్యాప్సూలును 2001 ఆగస్టులో అమెరికా మార్కెట్లోకి దించింది హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్. 180 రోజులు దాని మీద ప్రత్యేక హక్కు కూడా సంపాదించింది. మన ఆసియా ఖండపు దిగులు మందు అట్లాంటిక్ ఒడ్డుకు చేరి దాదాపు పాతికేళ్లయింది. ఏలేశ్వరం దాటి ఘాటీ ఎక్కడానికి దానికింకా ఊపిరి చాలడం లేదు.

ఇక అందరూ ఉచితంగా పంచేది ఒకటుంది, సలహా. ‘నాలుగు రోజులు సర్దుకోండి.’ ఎలా సర్దుకోవాలి? ఒక మాత్రను సగం విరిచి రెండు రోజులు వాడాలా, పక్కింటావిడ మిగిల్చిన అట్ట అప్పడగాలా? ఈ మందులు పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు తీసుకుంటాయి. మనసు కుదుటపడ్డాక కూడా నెలల తరబడి వాడాలి. ఎస్సిటాలోప్రామ్ ఉన్నట్టుండి ఆపితే కొద్ది రోజుల్లోనే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి, బుర్రలో కరెంటు జిల్లుమన్నట్టుండడం మొదలవుతాయి. ఫ్లూఆక్సెటిన్ ఒంట్లో వారాలపాటు నిలుస్తుంది గనక అది కాస్త దయగలది. ఈ తేడా చెప్పకుండా సర్దుకోమనేవాళ్లు తమ బీపీ మాత్రను ఒక్క పూట సర్దుకుని చూపిస్తే బాగుండును.

మందు కోసం కాకినాడకో, విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రికో వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లొచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు కూడా ఉచితం. పోయిన కూలి, దారిలో తిండి, తోడొచ్చినవాడి చార్జీ మాత్రం ఉచితం కాదు. జనరిక్ అట్ట ధర ఆ చార్జీలో చిన్న ముక్క.

లెక్క రాయడం ఈ గడ్డకు కొత్తేమీ కాదు. 1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు రాజవొమ్మంగి పోలీసు స్టేషను మీద దాడి చేశాడు. అలాంటి దాడుల్లో ఏమేం పట్టుకెళ్లాడో స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లేవాడని చెబుతారు. కొల్లగొట్టినవాడే అంత నిజాయతీగా లెక్క రాసిన గడ్డ మీద, మందుల గదిలో లేనిదాన్ని లేదని రాయడానికి ఒక గడి పెట్టలేమా? చీటీ పట్టుకొచ్చి ఉత్త చేతులతో వెనక్కిపోయిన ప్రతి మనిషినీ ఆ గడిలో రాయండి. రాష్ట్రానికి మందులు కొనిపెట్టే సంస్థ ఒకటి విజయవాడ దగ్గర ఉంది, దానికి పంపండి. బీపీ, షుగరు మాత్రలు మోసుకొచ్చే 104 బండిలో ఇంకో డబ్బాకు చోటు లేకపోదు.

ఆ బండి వచ్చేలోగా మందు అయిపోతోందనుకున్న పాఠకులకు ఒక మాట. వారం ముందే అడగండి. బ్రాండు దొరకకపోతే అదే మందు వేరే కంపెనీది అడగండి. వేరే మందుకు మారడం, ఆపడం డాక్టరు చెప్పకుండా చేయకండి. 14416 ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. సిగ్నలు ఉన్న గట్టెక్కి చేయండి.