గిలకలదిండి ట్రాలు వల

నేను బందరు గిలకలదిండి హార్బర్‌లో పనిచేసిన ట్రాలు వలని. ముందు రెండు రెక్కలు, పైతాడుకు బెండ్లు, అడుగుతాడుకు గొలుసు, చివర సంచి. ప్లాస్టిక్ దారంతో నన్ను అల్లిన సంగతి చెప్పుకోదగ్గది కాదు. చేసిన పని మాత్రం చెప్పుకోవాలి.

బోటు లాగుతుంటే నోరు తెరుచుకుని సముద్రం అడుగు రాసుకుంటూ పోయేదాన్ని. కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి ఎదుట నేలంతా బురద. నది మోసుకొచ్చే ఒండ్రు, ఒడ్డున ఉన్న మడ అడవులు రొయ్య పిల్లకు పుట్టిల్లు. అక్కడ పెరిగి సముద్రంలోకి దిగిన రొయ్యనే నేను పట్టేదాన్ని. దాంతోపాటు చందువ, వంజరం, పండుగప్ప. ఐసు పెట్టెల్లో తెల్లారేసరికి బెజవాడ చేరేవి. బరువుతో పైకొచ్చిన రోజుల్లో నాకెంత పొగరో!

బోట్లు పెరిగాయి, ఇంజిన్ల జోరు పెరిగింది, చేప తగ్గింది. అప్పుడు మా ఓనరు వేట తగ్గించలేదు, నా సంచి మార్చాడు. పెద్ద కన్ను సంచి కోసేసి చిటికెన వేలు దూరనంత సన్న కన్నుది కుట్టించాడు. ఆయన మీద ఆ కోపం నాకింకా పోలేదు.

ఆ సంచి విప్పినప్పుడు డెక్కు మీద ఏం పడేదో నేను చూశాను. చందువ పిల్లలు అరచేతిలో పది పట్టేంతవి. ఒకదానిమీద ఒకటి నలిగి పొలుసు ఊడి, కళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. ఇంకా ఒక్కసారి కూడా గుడ్డు పెట్టనివి. కలాసీలు రొయ్య ఏరుకుని మిగతాది పారతో మూలకు నెట్టేవాళ్లు. ఒడ్డున ఇసుకలో ఎండబెడితే కోళ్ల దాణాకు, చెరువుల మేతకు పోయేది. రెండేళ్లు బతకనిస్తే ఇంటిల్లిపాదికీ కూరయ్యే వంజరం, బుట్ట లెక్కన దాణాలో కలిసింది.

"మావా, అన్నీ పిల్లలే. ముందు ముందు ఏం పడతాం?" అన్నాడొక కుర్ర కలాసీ.

"మనం వదిలితే పక్క బోటోడు వదుల్తాడేంట్రా?" అన్నాడు డ్రైవరు.

దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. తీరానికి 8 కిలోమీటర్ల లోపల సంప్రదాయ పడవల వాళ్లే వేటాడాలని చట్టం. చీకట్లో ఆ గీత లోపలికి నన్ను లాక్కెళ్లారు. చిన్న పడవల వాళ్లు వేసుకున్న వలలు నా గొలుసుకు చిక్కి తెగాయి. తెల్లారి వాళ్లు ఒడ్డున ఆ ముక్కలు పట్టుకుని కూర్చుంటే చూడలేకపోయాను. చలికాలం చివర గుడ్లు పెట్టడానికి ఈ తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకూ నేను ఉరినయ్యాను. గాలి పీల్చడానికి అవి పైకి రావాలి. తప్పించుకునే దారి నాలో అమర్చలేదు. తాబేళ్లకు రక్షణ లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం ఆపేసింది.

ఇలా ఊడ్చుకుంటూ పోతే ఏమవుతుందో కెనడా చూసింది. అక్కడ న్యూఫౌండ్‌లాండ్ దగ్గర మా జాతి వలలే కాడ్ చేపను ఊడ్చేశాయి. 1968లో దాదాపు 8 లక్షల టన్నులు పట్టారట. 1992లో వేట ఆపేశారు, సుమారు 30 వేలమంది పని పోయింది. ఆపి మూడు దశాబ్దాలు దాటినా ఆ చేప మునుపటిలా తిరిగి రాలేదు. ఇక్కడ బందరులో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలు తల్లి చేప గుడ్డు పెడుతుంది. నిషేధం ఎత్తేసిన వెంటనే సన్న కన్ను వల దిగితే ఆ పిల్లలు పెరిగేదెప్పుడు?

నిషేధం రోజుల్లోనే వలలు బాగుచేసుకుంటారు. ఈసారి నన్ను పరిచి చూసి, రెక్కలు చివికిపోయాయన్నారు. బెండ్లు ఊడదీసుకున్నారు, గొలుసు తూకానికి వేశారు. మిగిలిన నన్ను షెడ్డు వెనక పడేశారు. సంచి ఇంకా గట్టిగానే ఉందని కోసి కొత్త వలకు కుట్టారు. జూన్ 15న అది వేటకు పోయింది.