తలారి ముఖం

నేను బొమికల్లోంచి పుట్టాను. ఇంగ్లండులో పీటర్‌బరో పట్టణం దగ్గర నార్మన్ క్రాస్ అనే చోట 1797లో యుద్ధఖైదీల శిబిరం తెరిచారు. ఫ్రాన్సుతో యుద్ధంలో పట్టుబడ్డ నావికుల్ని, సైనికుల్ని వేలల్లో అక్కడ కుక్కారు. మాంసం ఉడికాక మిగిలిన ఎముకలను ఖైదీలు ఏరుకుని, కడిగి ఆరబెట్టి, ఓడల బొమ్మలూ చదరంగం పావులూ చెక్కేవారు. గేటు దగ్గర సంతలో అమ్ముకునేవారు. నన్ను చేసినవాడు మాత్రం గిలెటిన్ చేశాడు.

జానెడు ఎత్తు నాది. రెండు నిలువు కంబాలు, మధ్యలో జారే కత్తి, బల్ల మీద బోర్లా కట్టేసిన మనిషి, పక్కన తాడు పట్టుకున్న తలారి.

పారిస్‌లో 1792 ఏప్రిల్ 25న ఆ యంత్రం మొదట తీసింది ఒక దారిదోపిడీ దొంగ తల. మరుసటి జనవరిలో రాజు పదహారో లూయీది. నా పనివాడు ఆ గుంపులో నిలబడి చూశాడో లేదో నాకు తెలియదు. అతని వేళ్ల వణుకు మాత్రం తెలుసు.

బల్ల మీది మనిషిని ఒక్కపూటలో చెక్కేశాడు. తలారి దగ్గరే చెయ్యి ఆగింది. ముందు ఆ ముఖంలో కోపం పెట్టాడు, గీకేశాడు. క్రూరమైన నవ్వు పెట్టాడు, అదీ గీకేశాడు. పొద్దున్నే తలలు నరికి, రాత్రి ఇంటికెళ్లి పిల్లల పక్కన కూర్చుని రొట్టె తినేవాడి మనసు ఎలా ఉంటుందో, గోరంత ఎముకలో రోజుల తరబడి వెతికాడు. గీకినకొద్దీ ఎముక పలచబడింది. చివరికి మిగిలింది, పొలం పని ముగించుకుని వస్తున్న మామూలు మనిషి ముఖం. అప్పుడు ఉలి కింద పెట్టాడు. నా ఒంట్లో నేను గర్వపడేది ఆ ముఖానికే.

కొన్నవాళ్లు దాన్ని ఒక్కసారీ చూడలేదు. విందుకొచ్చిన చుట్టాల ముందు తాడు వదిలేవారు, తల రాలేది, చప్పట్లు కొట్టేవారు. పిల్లలు క్యారట్లు నరికి కత్తి మొండి చేశారు. తర్వాత అటకెక్కించారు. చిత్తడికి జిగురు వదిలింది, ఎండలకు ఒక కంబం చీలింది, తాడు చివికింది. ఎలుక మెట్లు కొరికినా నాకు కోపం రాలేదు, దానిది ఆకలి. ఇల్లు ఖాళీ చేసిన రోజు నన్నొక పెట్టెలోకి విసిరారు. తలారి ఊడి కింద పడ్డాడు. ఆ చిన్న చప్పుడు విన్నా ఎవరూ వంగలేదు. చెత్తతో కలిపి ఊడ్చేశారు.

శిబిరం 1814లోనే మూతపడింది. సుమారు 1,770 మంది ఖైదీలు అక్కడే చనిపోయారు. నా పనివాడు వాళ్లలో ఒకడో, సొంత ఊరు చేరాడో!

ఇప్పుడు గాజు బీరువాలో ఉన్నాను. వచ్చినవాళ్లు కత్తి చూస్తారు, తెగే మెడ చూస్తారు, వెళ్లిపోతారు. బల్ల పక్కన సూది దూరేంత రంధ్రం ఒకటుంది. తలారి పాదం దిగి ఉండేది అందులోనే.