లోపలి డిస్కు జోలికి వెళ్లకండి

ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందని షాపుకి తీసుకెళ్తే హార్డ్ డిస్క్ మార్చాలంటారు, లేదా కొత్త మెషిన్ కొనుక్కోమంటారు. రెండూ చేయకండి. ఒక ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ కొని, ఆపరేటింగ్ సిస్టమ్‌ని దాని మీదే ఇన్‌స్టాల్ చేసి, రోజూ అందులోంచే బూట్ చేయండి. అది ఆపద్ధర్మానికే పనికొస్తుందని చాలామంది నమ్మకం. దాన్నే శాశ్వతం చేసుకోమని నా సలహా. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదన్న ఒక్క కారణంతో విండోస్ 11కి పనికిరాకుండా పోయిన మెషిన్లు ఎన్నో ఉన్నాయి. నిక్షేపంలా పనిచేసే వాటిని తుక్కు కింద అమ్మేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

బయటి డ్రైవ్‌లో విండోస్ పెట్టుకోవాలని మాత్రం పట్టుబట్టకండి. యూఎస్‌బీ డిస్కు చూపిస్తే విండోస్ సెటప్ ఒప్పుకోదు. 2012లో విండోస్ 8 ఎంటర్‌ప్రైజ్‌తో పాటు ‘విండోస్ టు గో’ అని ఒక సదుపాయం వచ్చింది. 2020లో విండోస్ 10 వెర్షన్ 2004 నుంచి దాన్ని మైక్రోసాఫ్టే తీసేసింది. ఉబుంటునో లినక్స్ మింట్‌నో ఎంచుకోండి.

ఇప్పుడు చెప్పేది వింటే షాపువాళ్లు నవ్వుతారు. ఇన్‌స్టాల్ చేసే ముందు మెషిన్ వెనక స్క్రూలు విప్పి, లోపలి డిస్కుని ఊడదీసి పక్కన పెట్టండి. ఎందుకంటే ఉబుంటు పాత ఇన్‌స్టాలర్‌కి ఒక దురలవాటుంది. బూట్ లోడర్ ఎక్కడ పెట్టాలని అడుగుతుంది, మీరు బయటి డ్రైవ్‌నే చూపిస్తారు. తీరా అది పోయి లోపలి డిస్కులో ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో రాసేస్తుంది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ అంతా బాగానే నడుస్తుంది. అదే డ్రైవ్ ఊరు తీసుకెళ్లి ఇంకో మెషిన్‌కి పెడితే బూట్ కాదు. ఇక్కడ ఇంట్లోవాళ్లు మెషిన్ ఆన్ చేస్తే నల్ల తెర మీద ‘గ్రబ్’ అన్న ఒక్క మాట కనబడి ఆగిపోతుంది. లోపలి డిస్కు కనబడకపోతే ఇన్‌స్టాలర్‌కి వేరే దారి ఉండదు, మొత్తం బయటి డ్రైవ్‌లోనే పెడుతుంది. డిస్కు ఊడదీసే వీలు లేని మెషిన్లుంటాయి. అలాంటప్పుడు బయోస్‌లో ఆ డిస్కు పోర్ట్ ఆఫ్ చేసే ఆప్షన్ ఉందేమో చూడండి. ఇన్‌స్టాల్ అయ్యాక డిస్కుని తిరిగి బిగించండి, లేదా పోర్ట్ మళ్లీ ఆన్ చేయండి. విండోస్‌లో బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ ఉన్నవాళ్లు ఏ సెట్టింగూ ముట్టుకోకముందే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

పెన్ డ్రైవ్‌తో సరిపెట్టుకుందామనుకోకండి. ఇన్‌స్టాల్ చేయడానికి అది చాలు గానీ, చిన్న చిన్న ఫైళ్లు అదేపనిగా రాయడం దాని వల్ల కాదు. టీబీల డ్రైవ్ కూడా అక్కర్లేదు, 256 జీబీ ధారాళంగా సరిపోతుంది. మీ మెషిన్‌లో ఉన్నవన్నీ యూఎస్‌బీ 2.0 పోర్టులేనా? అయినా వెనకాడకండి. కాగితం మీద 3.0 వేగం సెకనుకి 5 గిగాబిట్లు, 2.0ది 480 మెగాబిట్లే. పెద్ద సినిమా కాపీ చేసేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. బ్రౌజర్ తెరవడం, ఉత్తరం టైప్ చేయడం లాంటి పనులకి అలసిపోయిన పాత హార్డ్ డిస్క్ కంటే 2.0లో పెట్టిన ఎస్‌ఎస్‌డీయే నయం.

మూత వేసి స్లీప్‌లో వదిలేసే అలవాటు మానుకోండి. కొన్ని మెషిన్లలో స్లీప్‌లో యూఎస్‌బీ పోర్టుకి కరెంటు ఆగిపోతుంది, లేచాక సిస్టమ్‌కి తన డిస్కే కనబడదు. నడుస్తుండగా కేబుల్ కదిలినా అంతే, అన్నీ బిగుసుకుపోతాయి. అందుకని పొట్టి కేబులే కొనండి. డ్రైవ్‌ని మూత వెనక టేపుతో అంటించేయండి, అందం సంగతి తర్వాత.

సెక్యూర్ బూట్ ఆఫ్ చేయమని కనబడ్డ ప్రతివాళ్లూ చెబుతారు. వినకండి, ఉబుంటు అది ఆన్‌లో ఉండగానే బూట్ అవుతుంది. బయోస్‌లో బూట్ ఆర్డర్‌లో యూఎస్‌బీని మొదట పెట్టి అలాగే ఉంచేయండి. డ్రైవ్ ఉంటే లినక్స్, తీసేస్తే పాత విండోస్ వస్తుంది. అయితే ఎవరైనా తమ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసే వీలుంటుంది కాబట్టి బయోస్‌కి, మెషిన్ ఆన్ కావడానికి కూడా పాస్‌వర్డ్ పెట్టండి. జేబులో తిరిగే డ్రైవ్ ఎక్కడైనా జారిపోవచ్చు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎన్‌క్రిప్షన్ గడిలో టిక్ పెట్టండి, తర్వాత పెట్టుకుందామంటే మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తుంది.