టక్కుటక్కు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

పాత బల్బు తీసి పసుపు రంగెల్లీడి
పెట్టినంతలోనె పిచ్చి పట్టి
టక్కుటక్కుమనుచు డప్పు వాయించెనా
రిలె మనస్సు తెలిసి రిపెరు చెయ్యి

అవతారిక

మూలం లేనిదే వ్యాఖ్య నిలబడదంటారు. అందుకని ముందు వ్యాఖ్య రాసేసుకుని, దానికి సరిపడే మూలాన్ని తర్వాత కట్టుకున్నాను. ఛందస్సు ఆటవెలది. అనుమానమున్నవారు గణాలు లెక్క చూసుకోవచ్చు. మూడో పాదంలో యతి టకార డకారాల మైత్రి మీద నడిచింది. కాళిదాసుకు వ్యాఖ్యలు రాసిన మన మెదక్ వైపు మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ పనిలో దిగాడు. మొదటి మాట నేనూ ఇస్తాను, మూలం నా చేతిలోదే కనుక. రెండోది ఇవ్వలేను.

ఇక సందర్భం. ఒకానొక గృహస్థు తన కారుకు ముందూ వెనకా ఇండికేటర్లలో ఎల్ఈడీ బల్బులు వేయించుకున్నాడు. ఎదుటివాడి కళ్ళు చెదరగొట్టే తెల్ల హెడ్‌లైట్లు అంతకుముందే వేయించి ఉంటాడని ఊహించుకోవాలి, ఈ రోగం మొదలయ్యేది అక్కడే. కాలనీ మలుపులో లీవర్ కదిపాడు. నింపాదిగా టక్, టక్ అనాల్సింది టకటకటకమంది. డాష్‌బోర్డులో ఆకుపచ్చ బాణం రెట్టింపు జోరున కొట్టుకుంది. కొత్త బల్బులు కదా, సర్దుకుంటాయిలే అని కొన్నాళ్ళు ఊరుకున్నాడు. సర్దుకోలేదు. ఆటోనగర్ వెళ్ళాడు. అక్కడి మెకానిక్ చేసిన ఉపదేశమే నాలుగో పాదం.

ప్రతిపదార్థం

పాత బల్బు = గాజు బుడ్డిలో టంగ్‌స్టన్ తీగ కలిగి, 12 వోల్టుల మీద 21 వాట్లు లాగే బల్బును; తీసి = లోపలికి నొక్కి, కాస్త తిప్పి, బయటికి లాగి; పసుపు రంగు + ఎల్లీడి = ఆ వెలుగునే మూడు నాలుగు వాట్లకు ఇస్తానని అట్టపెట్టె మీద రాసుకున్నదానిని; పెట్టినంతలోనె = హోల్డరులో దిగీ దిగగానే; పిచ్చి పట్టి = మతి తప్పినట్టు తోచి; టక్కుటక్కు మనుచు = స్టీరింగు వెనకనుంచి తొందరపడుతూ; డప్పు వాయించెనా = చప్పుడు చేసినట్లయితే; రిలె మనస్సు = ఫ్లాషర్ రిలే లోపలి ఉద్దేశాన్ని; తెలిసి = ఎరిగిన తర్వాతనే; రిపెరు = మరమ్మతు; చెయ్యి = చేయుము.

ఇక్కడ "చెయ్యి" అన్నది గృహస్థుతో అన్న మాట కాదు. ఏ మెకానికూ కారున్న మనిషితో అలా అనడు, "చేయించుకోండి సార్" అంటాడు. పక్కన స్పానర్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడితో అన్నాడని సమన్వయించుకోవాలి. గృహస్థు విన్నాడంతే.

తాత్పర్యం

ఎల్ఈడీ వేయగానే ఇండికేటర్ వేగంగా కొట్టుకుంటే అది చెడిపోవడం కాదు. బల్బు మాడిపోయిందని రిలే చెబుతోంది. ఎందుకలా అనుకుందో తెలుసుకుని, ఆ తర్వాతే తీగ మీద చెయ్యి వెయ్యాలి.

విశేషాలు

"పిచ్చి పట్టి" అన్నచోట భ్రాంతిమదలంకారం, అదీ రెండంతస్తుల్లో. బతికున్న బల్బును రిలే చచ్చిందనుకుంది. బుద్ధిగా ఉన్న రిలేను గృహస్థు పిచ్చిదనుకున్నాడు.

"రిలె మనస్సు" ఈ పద్యానికి ఆయువుపట్టు. ముందు లెక్క చూద్దాం. సాధారణంగా కారుకు ఒక్కో వైపు ముందు 21 వాట్ల బల్బు, వెనక మరో 21, చక్రం పైన ఫెండరు మీద 5 వాట్ల చిన్నది. వెరసి 47. పన్నెండుతో భాగిస్తే 4 ఆంపియర్లకు పిసరు తక్కువ. పెద్ద బల్బొకటి మాడితే మిగిలేది 26 వాట్లు, అంటే 2 ఆంపియర్ల పైచిలుకు. రిలే ఈ రెండంకెల నడుమ ఒక గీత గీసుకుని కూర్చుంటుంది. కరెంటు గీతకు పైన ఉందా, నిమిషానికి ఎనభై తొంభై సార్లు తీరిగ్గా కొడుతుంది. కిందికి దిగిందా, ఆ వేగం ఇంచుమించు రెట్టింపు చేసి డ్రైవరు చెవిన వేస్తుంది. ఇప్పుడు రెండు పెద్ద బల్బుల చోట ఎల్ఈడీలు వచ్చాయి. మొత్తం కలిపినా 12 వాట్లు, ఒకే ఒక్క ఆంపియరు. ఒకటి కాదు, రెండూ పోయాయనుకుంటుంది పాపం.

తర్కశాస్త్రం చదివినవాళ్ళు ఇక్కడ ఆగుతారు. రిలే ఉండేది డాష్‌బోర్డు కింద చీకట్లో. బల్బు దానికి కనిపించదు. ప్రత్యక్ష ప్రమాణం లేనివాడికి దిక్కు అనుమాన ప్రమాణమే. పొగ చూసి కొండ మీద నిప్పుందన్నట్టు, కరెంటు తగ్గడం చూసి బల్బు మాడిందంటుంది. ఎక్కడెక్కడ కరెంటు తగ్గుతుందో అక్కడక్కడ బల్బు మాడి ఉంటుందన్నది దాని వ్యాప్తి. తీగ బల్బుల కాలమంతా ఆ వ్యాప్తికి తిరుగులేదు. ఎల్ఈడీ వచ్చి హేతువును సవ్యభిచారం చేసింది. కరెంటు తగ్గింది, బల్బు మాత్రం భేషుగ్గా వెలుగుతోంది. తార్కికుడి బుద్ధిలో లోపం లేదు, లోకం మారింది. ఇదే సమయంలో కారు వెనక నిలబడ్డ కుర్రాడు ప్రత్యక్ష ప్రమాణంతో "పడుతోందన్నా, రెండూ పడుతున్నాయి!" అని అరుస్తూనే ఉంటాడు. రిలేకు వినపడదు.

రిలేలన్నిటికీ ఈ మనస్సు ఒకటే అనుకోకూడదు. పాతకాలం రెండు కాళ్ళ ఫ్లాషర్‌లో రెండు లోహాలు అంటించిన రేకు ఉండేది. కరెంటుకు వేడెక్కి వంగి తీగ వదిలేది, చల్లారి మళ్ళీ అంటుకునేది. దానికి లోడు తగ్గితే వంగేంత వేడే పుట్టదు. అందుచేత మందగిస్తుంది, లేకపోతే దీపం వెలిగి అలాగే ఉండిపోతుంది. కనుక "డప్పు వాయించెనా" అన్న షరతు ఎలక్ట్రానిక్ రిలేకే వర్తిస్తుంది. వెలిగి కదలక నిలిచిపోయే బండికి ఈ పద్యం ప్రమాణం కాదు.

పూర్వపక్షం: వేగంగా కొట్టుకుంటే నష్టమేమిటి? వెనకవాడికి ఇంకా బాగా కనబడుతుంది కదా?

సమాధానం: కనబడదు, చిరాకు పుడుతుంది. అదీగాక 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు ఇండికేటరు యాంబర్ రంగులో, నిమిషానికి 60కి తగ్గకుండా 120కి మించకుండా మిణకాలని చెబుతున్నాయి. ఇందువల్లనే మూలంలో "పసుపు రంగు" విశేషణం సార్థకం. తెల్ల ఎల్ఈడీని నారింజ అద్దం వెనక పెడితే పాలిపోయిన రంగొకటి వస్తుంది, ఎండలో అది ఉందో లేదో తెలియదు. అద్దమే తెల్లగా ఉన్న బండికైతే ఆ మాత్రమూ ఉండదు.

"రిపెరు" అన్న ఒక్క మాటలో కవి మూడు మార్గాలు దాచాడు.

మొదటిది లోడ్ రెసిస్టర్. వేలెడంత పొడవు, బంగారు రంగు అల్యూమినియం ఒళ్ళు, దాని మీద గాళ్ళు. 6 ఓములు, 50 వాట్లు అని రాసి ఉంటుంది. బల్బుకు వెళ్ళే రెండు తీగల మధ్య ప్యారలల్‌గా కలపాలి. సిరీస్‌లో కలిపితే ఎల్ఈడీ మసకబారుతుంది తప్ప రిలే మనసు మారదు. ప్యారలల్‌లో అది 12 వోల్టుల మీద 2 ఆంపియర్లు లాగుతుంది, అంటే పాత బల్బు లాగినంత, ఇంకాస్త ఎక్కువే. రిలే శాంతిస్తుంది. అయితే ఆ 24 వాట్లు ఎక్కడికి పోతాయి? వేడిగా పోతాయి. ఇంజను నడుస్తుంటే వోల్టేజీ 14 దాకా ఉంటుంది, వేడి 32 వాట్లు దాటుతుంది. మలుపు తిరిగినంతసేపే అయితే ఫరవాలేదు. రోడ్డు పక్కన బండి ఆపి నాలుగు దీపాలూ వేసి మెకానిక్ కోసం ఎదురుచూస్తే రెసిస్టర్ మీద చెయ్యి పెట్టలేం. అందుకే దాన్ని బాడీ రేకుకు స్క్రూతో బిగించమంటారు. కొందరు మహానుభావులు ప్లాస్టిక్ దీపపు డొప్పకే జిప్ టై వేసి వదిలేస్తారు. ఆ డొప్ప కరిగి, పెదవి వంచుకుని కిందికి జారిన వైనం నేను దగ్గరగా చూశాను.

ఇంతకీ ఎల్ఈడీ వేసింది కరెంటు ఆదా కోసం. రెసిస్టర్ వేసింది ఆ ఆదాను తగలబెట్టడం కోసం. ఆలంకారికులు దీనికి పేరు పెట్టుకోవచ్చు.

రెండోది రిలేనే మార్చడం. ఎంత లోడున్నా ఒకే లయలో కొట్టే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ దొరుకుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో అడిగితే ఎదర పడేస్తారు. దానికి మూడో కాలు ఉంటుంది, అది ఎర్త్‌కు పోవాలి. జపాన్ పద్ధతిలో కాళ్ళకు బి, ఎల్, ఇ అని అక్షరాలుంటాయి. యూరప్ పద్ధతిలో 49, 49ఎ, 31 అని అంకెలు. వాటి వరుస అన్ని బండ్లకూ ఒకటి కాదు. కనుక టెస్ట్ ల్యాంపుతో చూడకుండా గుచ్చితే కొత్త రిలే తొలి టక్కుకే స్వర్గస్థమవుతుంది. రిలే విడిగా ఉన్న బండికి ఇదే ఉత్తమ మార్గమని నా పక్షం.

మూడోది, ఇప్పటి కార్లకు. వాటిలో విడి రిలే ఉండదు, ఆ పని బాడీ కంట్రోల్ మాడ్యూల్ చూసుకుంటుంది. చాలావాటిలో ఆ టక్కుటక్కు కూడా స్పీకర్లోంచి వచ్చే నాటకపు చప్పుడే. కొన్ని మోడళ్ళలో స్కానర్ పెట్టి గీతను కిందికి జరపవచ్చు. కుదరని చోట క్యాన్‌బస్ అని రాసిన బల్బులు వేస్తారు. అంటే రెసిస్టర్‌ను బల్బు పొట్టలోనే కుక్కారన్నమాట. వేడి ఎల్ఈడీ పక్కనే పుడుతుంది, ఎల్ఈడీకేమో వేడి గిట్టదు. వాటి ఆయుర్దాయం సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక మూలంలో పైకి చెప్పని ధ్వని ఒకటుంది. రేపు నిజంగానే ఎల్ఈడీ మాడిందనుకోండి. రెసిస్టర్ మాత్రం తన 2 ఆంపియర్లూ లాగుతూనే ఉంటుంది. రిలే అంతా క్షేమమని టక్, టక్ అంటుంది. రెసిస్టర్ కూటసాక్షి. సరే, కొత్త ఎలక్ట్రానిక్ రిలే వేశామనుకుందాం. దానికి లోడుతో పనే లేదు, బల్బులున్నా పోయినా ఒకటే లయ. అది మౌనవ్రతం. ఎలా చూసినా బల్బు పోయిన సంగతి చెప్పే నోరు మూతపడింది. నిజానికి మనం బాగుచేసింది చప్పుడును. ఈ ధ్వనిని పట్టించుకోని వ్యాఖ్యలన్నీ పాఠకుణ్ణి మోసం చేసినట్టే. అందుచేత ఎల్ఈడీ వేసుకున్నవారు అప్పుడప్పుడూ నాలుగు దీపాలూ వేసి, కారు దిగి, చుట్టూ ఒక ప్రదక్షిణ చెయ్యాలి.

నా అభిప్రాయం అడిగితే, ఇండికేటర్ల జోలికి పోవద్దంటాను. రోజుకు కాసేపు వెలిగే దీపంలో ఆదా అయ్యే కరెంటెంత? పైగా దాని వెనక అద్దపు గిన్నెను చుట్టూ వెలుగు చిమ్మే సన్నని తీగ కోసం లెక్కగట్టి వంచారు. ఎల్ఈడీ చాలావరకు తన ముఖం ఎటుంటే అటే చూస్తుంది. ఎదురుగా నిలబడితే బ్రహ్మాండం, పక్క లేన్‌లో స్కూటరు మీద వచ్చేవాడికి అరకొర. చూడాల్సింది వాడే.

ద్విచక్ర వాహనాల విషయంలో ఒక అపవాదం చెప్పి తీరాలి. బండికి నాలుగు ఎల్ఈడీ ఇండికేటర్లు వేసి, రిలే కూడా మార్చాక, కుడికి వేస్తే నాలుగూ వెలుగుతాయి. ఎడమకు వేసినా నాలుగే. కారణం మీటరులోని ఒంటి పైలట్ బల్బు. దాని ఒక కాలు కుడి తీగకు, రెండో కాలు ఎడమ తీగకు ఉంటుంది. కుడికి వేసినప్పుడు కరెంటు ఈ బల్బులోంచి ఎడమవైపు దీపాల మీదుగా ఎర్త్‌కు పోతుంది. తీగ బల్బులకు ఆ పిసరు కరెంటు చాలదు, అవి వెలగవు. ఎల్ఈడీలకు అదే పండగ. విరుగుడు రెండు డయోడ్లు, 1ఎన్4007 చాలు. కుడి తీగనుంచి ఒకటి, ఎడమ తీగనుంచి ఒకటి, రెండింటి చారలున్న కొసలు పైలట్ బల్బు ఒక కాలికి కలపాలి, రెండో కాలు ఎర్త్‌కు. రెండు చారలూ తిరగబడితే పైలట్ వెలగదు, ఒక్కటే తిరగబడితే ఒక వైపు వేసినప్పుడు మళ్ళీ నాలుగూ వెలుగుతాయి.

చివరి సందేహం. కారుకు రెసిస్టర్లు వేశాక కుడివైపు కుదురుకుని, ఎడమవైపు ఒక్కటే ఇంకా డప్పు కొడుతుంటే? దానికి టీకా అక్కర్లేదు. ఎడమ వెనక హోల్డరు విప్పండి. లోపల రేకుకు పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. ఉప్పు కాగితంతో గీకి, నల్ల తీగ బోల్టు బిగించి, మళ్ళీ వేసి చూడండి.