అతికిన బీటకు అధిక మూల్యము

బీట కూడ ఒక సుగుణమేనను నూతన వర్తకధర్మము లోకమున వెలసినది గదా! కావున, పాత అకౌస్టిక్ ఎలక్ట్రిక్ బేస్ గిటారు నమ్మజూపు పెద్దమనుష్యుడు, పైపలకపై బీట యొకటి కలదనియు, దానిని నిపుణునిచే బాగుచేయించితిననియు, ఇప్పుడది మునుపటికంటె దృఢమనియు, నాదము మునుపటికంటె మధురమనియు వ్రాసి, ఆ వ్రాతకు దిగువ క్రొత్తదాని వెలకు రవంత మాత్రమే తగ్గిన వెలను నిలిపినపుడు మనము విస్మయము నొందవలసిన పని లేదు. బీటకు వేరుగ రుసుము అడుగకపోవుటయే అతని ఔదార్యము.

"మునుపటికంటె దృఢము" అను నీ మహావాక్యమును కొంత నిలిచి సేవింతము. ఇది పూర్తిగ అసత్యము కాదు. దాని మహిమ యంతయు నందే యున్నది. స్ప్రూసు పలక తన పోగు వెంబడి చీలినపుడు, చీలికను శుభ్రపరచి, మంచి జిగురు పట్టించి, బిగించి, ఆరనిచ్చి, లోపలివైపున పోగునకు అడ్డముగ చిన్న చెక్కబిళ్లలు అతికించినచో, ఆ అతుకు ప్రక్కనున్న చెక్కకంటె గట్టిగ నుండుట కలదు. కాని అయ్యా, ఆ ప్రక్కనున్న చెక్క మాట యేమి? గాలిలో తేమ 45 నుండి 55 శాతము వరకు నుండవలెనని తయారీదారులు చెప్పుచుండగా, హైదరాబాదు వేసవి పొడిగాలికి దానిని గోడకు వ్రేలాడదీసి యెండబెట్టినందుననే గదా మొదటి బీట పుట్టినది! ఆ గోడయు ఆ గాలియు నట్లే యుండగా, రెండవ బీట యతుకును గౌరవించి, అంగుళము ప్రక్కగ తన దారి తాను చూచుకొనును.

చీలి యతికినది చీలనిదానికంటె మేలగునేని, కార్మికుడు ప్రతి గిటారును సుత్తితో నొకమారు దృఢపరచియే యేల పంపరాదు? ఫెండర్ వారు 1990ల నుండి క్రొత్త గిటార్ల రంగును గీరి, లోహమునకు తుప్పు పట్టించి, "రెలిక్" అను పేర అధికమూల్యమున కమ్ముచునే యున్నారు; మన విక్రేతలు వారినే మించిరి. అమెరికా గాయకుడు విల్లీ నెల్సన్ గారి మార్టిన్ గిటారుకు పెద్ద రంధ్రమే కలదు గదా యని మరియొక వాదము. 1969 నుండి ఆయన వాయించి వాయించి చేసిన రంధ్రమది. మీ బీట మీరు వాయింపక గోడకు వదలివేసినందున వచ్చినది.

నాదమాధుర్యమును గూర్చి యొక్క మాట. బేస్ గిటారు మంద్రతంత్రి సెకనుకు 41 కంపనముల స్వరము. ఆ డొల్ల శరీరము దానికి చాలదు గనుకనే లోన పియెజో పిక్‌అప్ అమర్చినారు. "తీగ తగిలించి వాయించిన బీట వినబడదు" అందురేని, డొల్లకు వెల యేల కట్టితిరి?

"అరుదుగ వాయించినది" అనియు ప్రకటనలో వ్రాయుదురు. అది బీటయే చెప్పుచున్నది.

ఇక వినోదము చాలింతును. దీనిని కొనువాడు ధనికుడు కాడు. క్రొత్తది కొనలేక, మొదటి జీతమునుండి మిగిల్చిన సొమ్ముతో వచ్చిన పిల్లవాడు. ఆ "నిపుణు" డెవడో, ఏ జిగురు పూసెనో, లోపల బిళ్లలు వేసెనో లేదో, తంత్రులు బిగించి ఎన్ని నెలలైనదో వానికి చెప్పరు. 34 అంగుళముల పొడవున బిగిసిన నాలుగు లావుతంత్రులు 70 కిలోలకు పైబడిన బరువుతో బ్రిడ్జిని లాగుచుండును. బీట దాని క్రిందుగ పోవుచున్నచో, పైనుండి ఫెవిక్విక్ కార్చి, మెరుపు రుద్ది, వెలుగు పడనిచోట ఛాయాచిత్రము తీయుట మోసము. బీట చూపి, బాగుచేసిన తీరు చెప్పి, వెల తగ్గించి యమ్మువానిపై నాకు కోపము లేదు. దాచువానిపైనను, దాచలేక దానికే భూషణమని పేరు పెట్టువానిపైనను కలదు.

అంగడిలో కుండ కొనునపుడైనను మ్రోగించి చూతుము. కొనదలచినవారు చిన్న యద్దమును దీపమును వెంట తీసికొని పొండు. తంత్రులు సడలించి, నాదరంధ్రమున అద్దము చొప్పించి, బీట పొడవున బిళ్లలున్నవో లేవో చూడుడు. బ్రిడ్జి వెనుక పలక ఉబ్బినదేమో, వేలితో తట్టగా లోపలి పట్టె యేదైన జరజరలాడునేమో కనుడు. అట్లు చూడనీయని వానికి ఒక్క రూపాయి బయానా యైనను ఇయ్యకుడు.